నిజం చెప్పండి, ఏం తిన్నారు?

నాకు అనుమానం ఎక్కువని మా వాళ్ళందరూ అంటారు. అననీండి. పాలు పోసేటప్పుడు పాలాయన కొలతపాత్ర ఎంత వంచుతున్నాడో చూడకపోతే ఆ పాలతో పెట్టిన టీ నా గొంతు దిగదు. తలుపుకి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను, నాలుగోసారి మా ఆయన చేత లాగిస్తాను. ఆయన లాగి, "పడింది" అంటారు. "గట్టిగా లాగారా?" అంటాను. ముప్ఫై ఏళ్ళ కాపురం ఇలాగే గడిచింది, దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. వచ్చింది ఆ ఒక్క సెలవుల సీజన్‌లోనే.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, ఒక్క యాక్సిడెంటు లేదు. నేను ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను. మామూలు రోజుల్లో వారానికి నాలుగో అయిదో. ఏడాది చివర సెలవులు వచ్చాయంటే రోజుకి ఇరవై, ముప్ఫై. ఆ ఆరు వారాలు మా ఇంట్లో మనుషుల కంటే అట్టపెట్టెలు ఎక్కువ, మంచం మీద కూడా పెట్టెలే. అలాంటి ఇంట్లో మనిషికి షుగరొస్తే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

సీజన్‌కి రెండు నెలల ముందు డిపో డాక్టరమ్మ ఆ సంగతి బయటపెట్టింది. అర మాత్ర రాసింది. తిండి గురించి నాకు ఒక కాగితం ఇచ్చింది. పొద్దున్నే ఇంట్లోనే చూసుకోవడానికి చిన్న యంత్రం కొనుక్కోమంది. సెలవులయ్యాక మళ్ళీ పరీక్ష చేస్తాననీ, అప్పటికి అదుపులోకి రాకపోతే స్టీరింగ్ ఇవ్వననీ, గేటు దగ్గర కూర్చోబెడతాననీ ఆయనకి చెప్పింది. గేటు దగ్గరంటే, వచ్చే బస్సుల నంబర్లు, పోయే బస్సుల నంబర్లు రాసుకుంటూ కుర్చీలో కూర్చోవడం. చూపు పోయినవాళ్ళనీ, నడుం పడిపోయినవాళ్ళనీ అక్కడ కూర్చోబెడతారు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆయన చాలాసేపు చెప్పులు కూడా విప్పలేదు. చివరికి, "నాకు అదొక్కటే పని వచ్చు" అన్నారు. సరే, ఈయన్ని బస్సు దింపేది ఎవరో నేనూ చూస్తాననుకున్నాను.

పెద్ద కంచాలు అటకెక్కించాను. చిన్న కంచంలో సగం కూరగాయలు, పావు పప్పో గుడ్డో, మిగిలిన పావే అన్నం. మారు వడ్డించమంటే గిన్నె ఖాళీ అని చూపించేదాన్ని. ఇంట్లో కూల్‌డ్రింకు లేదు, పళ్ళరసం లేదు. రాత్రి భోంచేశాక మందులషాపు దాకా నడిచి రావడం, వానొస్తే వరండాలోనే అటూ ఇటూ తిరగడం. ఆయన కిక్కురుమనలేదు. యంత్రంలో అంకె నూట ఎనభై నుంచి నూట యాభైకీ, అక్కణ్ణుంచి నూట ఇరవైకీ దిగింది. రోజూ పుస్తకంలో రాసేదాన్ని. రాసినప్పుడల్లా నా భుజం నేనే తట్టుకునేదాన్ని.

అప్పుడు సీజన్ మొదలైంది.

నా పని సంగతి కొంచెం చెప్పాలి. నా కేకులకి పేరొచ్చిందే పైన చల్లే పంచదార పొడి వల్ల. బేకరీలో నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడు, ఆ పొడి బల్ల దగ్గరికి తడి చెయ్యి రాకూడదని. ఒక్క చుక్క నీళ్ళు తగిలినా పొడి ఉండకట్టి, కేకు మీద మచ్చలు పడతాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట నేను జవదాటలేదు. నడుముకి ఎప్పుడూ ఒక పొడిగుడ్డ దోపుకుని ఉంటాను. ఒకసారి మా వదిన, అంటే మా ఆయన అక్క, గిన్నె కడిగిన చేత్తో ఆ బల్ల మీద పెట్టె జరపబోతే, పెద్దదని కూడా చూడకుండా కసురుకున్నాను.

సీజన్‌లో పొద్దున్న నాలుగింటికి లేచి పొడి చల్లడం మొదలుపెడితే ఏడింటి దాకా అదే పని. ఆరింటికి ఆయన లేచి, ముఖం కడుక్కుని, అక్కడికే వచ్చి కుర్చీలో కూర్చుని ఎడమచెయ్యి చాపుతారు. నేను గుడ్డతో చేతులు తుడుచుకుని, ఆయన వేలు పట్టుకుని, సూది గుచ్చి, నెత్తురు చుక్క పిండి యంత్రానికి అందిస్తాను. అయిదు నిమిషాల్లో అయిపోవాలి, అవతల పెట్టెలు ఎదురుచూస్తుంటాయి.

ఆ మొదటి సోమవారం రెండొందల పన్నెండు వచ్చింది.

ఆయనకంటే ముందు నేను చూశాను. యంత్రాన్ని ఆయన వైపు తిప్పి, నెమ్మదిగానే అడిగాను. "నిజం చెప్పండి. ఏం తిన్నారు?"

"నువ్వు పెట్టిందే తిన్నాను."

మంగళవారం రెండొందల ముప్ఫై. బుధవారం రెండొందల నలభై ఒకటి. రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు. నిప్పు లేనిదే పొగ రాదు కదా. నేను పెట్టే ఉడికించిన చిక్కుళ్ళకీ, కీరదోసకాయకీ షుగరు పెరగదు. అంటే ఈయన ఎక్కడో తింటున్నాడు. సెలవుల్లో ఎవరింటికి వెళ్ళినా తినే తీరాలంటారు. బస్సెక్కినవాళ్ళు కూడా డ్రైవరు చేతిలో బిస్కట్లో కేకు ముక్కో పెట్టకుండా దిగరు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడరనుకుంటుందట. నేను చూస్తాను.

యూనిఫాం జేబులు తిరగేశాను. క్యారేజీ వాసన చూశాను. చొక్కా మీద పడ్డ తునకల్ని వేలితో అద్ది నాలుక మీద వేసుకున్నాను, నేను పెట్టిన బ్రెడ్డువే. దొరకలేదంటే తినలేదని కాదు, జాగ్రత్తగా తింటున్నాడనుకున్నాను.

రెండు వారాలు పోయాక నాకొక గట్టి ఆధారం దొరికింది. ఆదివారం పొద్దున అంకె ఎప్పుడూ బాగుంటోంది. నూట పద్దెనిమిది, నూట ఇరవై రెండు. మళ్ళీ సోమవారం రెండొందలు దాటుతోంది. శనివారం ఆయనకి సెలవు, రోజంతా నా కళ్ళముందే ఉంటారు. ఆదివారం నేను పార్శిళ్ళు పంపను కాబట్టి పొడి పని లేదు, ఆ పొద్దున్న తీరిగ్గా పరీక్ష చేస్తాను. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఆయన డ్యూటీ. ఇంకేం కావాలి? నా కళ్ళముందున్న మర్నాడు మంచి అంకె, కళ్ళు దాటిన మర్నాడు చెడ్డ అంకె. పుస్తకంలో ఆదివారాల చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టి ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పి చూశారు.

"నాకు అర్థం కావడం లేదు. ఇంకొంచెం తగ్గించి పెట్టు పోనీ" అన్నారు.

దొరికిపోయినవాడు అలాగే మాట్లాడతాడు అనుకున్నాను. తగ్గించి పెట్టాను.

ఆ వారంలోనే డిపోలో సెలవుల విందు. నేను పిలవని పేరంటానికి వెళ్ళినట్టు, ఏదో పార్శిలు ఇచ్చే వంకతో సరిగ్గా భోజనాల వేళకి వెళ్ళాను. వర్క్‌షాపులో టైర్ల పక్కన పెద్ద బల్లలు వేసి, బల్లల నిండా తీపీ కారమూ పరిచారు. మా ఆయన ఒక మూల నిలబడి, ప్లేట్లో నాలుగు కీరదోస ముక్కలు పెట్టుకుని, చేతిలో ఉత్త నీళ్ళ గ్లాసు పట్టుకుని అందరితో నవ్వుతూ మాట్లాడుతున్నారు. ఆయన బస్సు కండక్టరుని అందరూ ఈల అని పిలుస్తారు, నోట్లో ఈల లేకుండా ఎవరూ చూడలేదు. అతను నాకు ఎదురొచ్చి, "వదినా, మా అన్నకి ఏం మంత్రం వేశారు? రెండు నెలలుగా టీలో కూడా పంచదార వద్దంటున్నాడు" అన్నాడు. వెంటనే నాకు అర్థమైంది. నేను గేటు దాటుతున్నప్పుడే ఎవరో చెప్పి ఉంటారు, ఈయన ప్లేటు మార్చేసి ఉంటాడు. ఈలకి ఆ మాటలు ముందే నేర్పి ఉంటాడు. అంతమంది కలిసి నన్ను మోసం చేస్తున్నారనుకున్నానే గానీ, నేనే పొరబడ్డానేమో అని మచ్చుకైనా అనిపించలేదు.

మర్నాడు పుస్తకం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. ఆవిడ అంకెలు చూసి తల పట్టుకుంది. అర మాత్రని ఒక మాత్ర చేసింది.

తరవాతి రెండు వారాల్లో ఆయన చిక్కిపోయారు. బెల్టుకి కొత్త బెజ్జం పెట్టాల్సి వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముఖం పీక్కుపోయి ఉండేది. మాట్లాడటం తగ్గింది. యంత్రం మాత్రం రెండొందల యాభై చూపిస్తూనే ఉంది. మనిషి ఆకలితో మాడుతుంటే షుగరు ఎలా పెరుగుతుందని ఎవరైనా అడగాలి కదా. నేను అడగలేదు. తప్పు చేసినవాడికి తిండి సహించదులే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఎదురింటి టీచరమ్మ బడి నుంచి వస్తూ మా గుమ్మం దగ్గర ఆగింది. ఆవిడ రోజూ మా ఆయన బస్సులోనే వస్తుంది. కాసేపు నసిగి, చివరికి చెప్పింది. మా ఆయన బస్సుని మలుపు దగ్గర పక్కకి తీసి ఆపేశాడట. అందరూ ఏమైందా అని చూస్తుంటే స్టీరింగ్ మీదికి వంగి కేకు తింటున్నాడట. మూతి నిండా తెల్లటి పొడేనట. పదినిమిషాలు బస్సు కదల్లేదట.

నా చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. సాయంత్రం ఆయన రాగానే సంచీ లాక్కున్నాను. క్యారేజీ కింద ఒక అట్టముక్కలో చుట్టిన కేకు ముక్క, దానితో పాటు ఎర్ర రిబ్బను. రిబ్బనుకి ఉన్న ముడి నాది. అలాంటి ముడి ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే వేస్తాను.

"తిన్నారా?"

"తిన్నాను. చెమటలు పట్టేశాయి. చేతులు వణికిపోయాయి. కళ్ళు చీకట్లు కమ్ముతుంటే బండి పక్కకి తీశాను. ఎవరి దగ్గరో ఉంటే ఈల అడిగి తెచ్చి నోట్లో పెట్టాడు. మళ్ళీ అవసరమొస్తుందేమోనని మిగిలింది సంచీలో పడేశాడు."

ఎంత బాగా అల్లాడో అనుకున్నాను. షుగరు ఎక్కువున్నవాడికి ఎవరైనా కేకు తినిపిస్తారా? నా కేకు ఉచితంగా పోయింది ఒక్క మా వదిన ఇంటికే. ఆయన కంటపడనివ్వనని మాట తీసుకుని మరీ ఇచ్చాను. ఊళ్ళో సగంమంది నా దగ్గర కేకులు కొంటారనీ, వాళ్ళూ అదే బస్సు ఎక్కుతారనీ నా బుర్రకి తట్టలేదు. వదిన ఉండగా ఇంకొకరి మీద అనుమానం నాకెందుకొస్తుంది?

వదిన మా వెనక వీధిలో ఒంటరిగా ఉంటుంది. బట్టలు కుడుతుంది. మా ఆయనకి పదేళ్ళప్పుడు తల్లి పోతే ఆ మిషను మీదే తమ్ముణ్ణి పెంచింది. ఆ రాత్రి వంట పొయ్యి మీదే వదిలేసి వెళ్ళాను. ఆవిడ చొక్కా కాలరు కుడుతోంది. నేను కూర్చోలేదు.

"మీ తమ్ముడికి కేకు ఎన్నిసార్లు పంపారు వదినా?"

ఆవిడ మిషను ఆపింది.

"ఊరికే అడిగాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అలా చూస్తారేంటి?"

ఆవిడ లేచి, అలమర తెరిచి, మడతపెట్టిన బట్టల వెనక నుంచి నేనిచ్చిన పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర రిబ్బను. ముడి నేను వేసింది వేసినట్టే ఉంది.

"వాడు తినకూడనిది నా గొంతు ఎలా దిగుతుందనుకున్నావమ్మాయ్?" అంది. తరవాత, నా వైపు చూడకుండానే, "ఇక మీ ఇంటికి రానులే. నీకూ మనశ్శాంతిగా ఉంటుంది" అని మళ్ళీ కాలరు అందుకుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అలా చచ్చిపోతూ కూడా, వీధి మలుపు తిరిగేలోపే, అయితే కొనుక్కుని తిన్నాడన్నమాట అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

సెలవులు అయిపోవచ్చాయి. పరీక్ష రోజు డాక్టరమ్మ ఆయన చెయ్యి నుంచి ఒక గొట్టం నిండా రక్తం తీయించి, రెండురోజులాగి మా ఇద్దరినీ పిలిచింది. నేను పుస్తకం తీసుకుని వెళ్ళాను. తీసుకెళ్ళొద్దని ఆయన అనలేదు. కళ్ళు చీకట్లు కమ్మే మనిషి చేతిలో అరవైమంది ప్రాణాలున్నాయి, దాచిపెట్టడం పాపమని నాకు నేను చెప్పుకున్నాను. పుస్తకాన్ని ఆయన ముందే బల్ల మీద పెట్టాను.

ఆవిడ ఒక చేత్తో రక్తం రిపోర్టు, ఇంకో చేత్తో నా పుస్తకం పట్టుకుని మార్చి మార్చి చూసింది. రిపోర్టు ప్రకారం రెండు మూడు నెలల సగటు బ్రహ్మాండంగా ఉందట. పుస్తకం ప్రకారం ఆ మనిషి ఈపాటికి ఆసుపత్రిలో ఉండాలట. బస్సు ఆపిన సంగతి అడిగింది. ఆయన చెమటలు, వణుకు, అన్నీ చెప్పారు. ఆవిడ ముఖం మారిపోయింది. అది షుగరు పెరిగి కాదని, పడిపోయి అని చెప్పింది. ఆ సమయానికి కేకు పెట్టినవాడికి దణ్ణం పెట్టుకోమంది.

"మాత్ర పెంచింది ఈ పుస్తకం చూసే. ఈ రెండింట్లో ఒకటి అబద్ధం చెబుతోంది. ఏదో తేలేదాకా మాత్ర మళ్ళీ సగమే. బస్సు మాత్రం ఎక్కొద్దు."

మేం లేస్తుంటే, యాభై దాటినదానివి నువ్వూ ఒకసారి చూపించుకో అని నర్సు చేత నా వేలూ గుచ్చించింది. స్పిరిట్ దూదితో తుడిచి గుచ్చింది ఆ పిల్ల. తొంభై నాలుగు. నీకేం లేదమ్మా అంది.

దారంతా ఆయన నాకంటే నాలుగడుగులు ముందు నడిచారు. ఇంటి దగ్గర తాళం తీస్తూ, "గేటు కాడి కుర్చీలో పొద్దస్తమానం కూర్చోవాలంటే దిండుండాలి. అక్కని కుట్టమందామంటే, అక్క కూడా రాదాయె" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు ఆ ఏడాదికి ఆఖరి ఆర్డరు, పన్నెండు కేకులు. నాలుగింటికే లేచి బల్ల దగ్గర నిలబడ్డాను గానీ పని సాగలేదు. రెండింట్లో ఒకటి అబద్ధం. రక్తం అబద్ధమాడదు. నేనూ అంకె తప్పు రాయలేదు. మిగిలింది యంత్రం. దీన్నే పట్టుకోవాలనుకున్నాను. నాకు షుగరు లేదని నిన్ననే తేలింది కాబట్టి, నా వేలికే పెట్టి చూస్తే దీని బండారం బయటపడుతుంది. ఎప్పట్లాగే గుడ్డతో చేతులు తుడుచుకుని, నా వేలు గుచ్చుకుని, పిండాను.

రెండొందల అరవై ఎనిమిది.

ఒక్క క్షణం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చూశారా, పాడుముండ యంత్రం, ఇదీ దీని పని అనుకున్నాను. ఇంకోసారి చూద్దామని యంత్రంలో పెట్టే కొత్త స్ట్రిప్పు తీశాను. నేను పట్టుకున్న చోట దాని మీద సన్నగా తెల్లటి వేలిముద్ర పడింది.

ఆ వేలు నోట్లో పెట్టుకున్నాను. తీపి.

నడుముకున్న గుడ్డ తీసి దులిపాను. దీపం కింద పొగలా లేచింది. ఆరు వారాలుగా నేను శుభ్రంగా ఉన్నాననుకుని తుడుచుకున్న గుడ్డ అది. కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను. ఆరబెట్టుకుని, వేరే వేలు గుచ్చాను. తొంభై ఒకటి.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, జేబులు వెతికాను, క్యారేజీలు వెతికాను, వదిన అలమర దాకా వెళ్ళాను. ఆదివారాలు మంచి అంకెలు వచ్చింది ఆయన నా కళ్ళముందు ఉండి కాదు, ఆ ఒక్క పొద్దున్న నేను పొడి ముట్టుకోక. మిగిలిన రోజులన్నీ ఆయన వేలికి పంచదార పూసి, అదే వేలు చూపించి దొంగన్నాను. నేల మీద అలాగే కూలబడ్డాను.

ఆయన ఎప్పుడు లేచి వచ్చారో తెలీదు. డ్యూటీ లేకపోయినా అలవాటు కొద్దీ ఆరింటికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. యంత్రం అందుకుని, పాత అంకెలు చూపించే బొత్తాం నొక్కారు. తొంభై ఒకటి. ఇంకోసారి నొక్కారు. రెండొందల అరవై ఎనిమిది.

"ఇది ఎవరిది?"

"నాదే."

ఆయన ఆ అంకెనీ, నా తడి చేతుల్నీ, బల్ల మీద పడున్న గుడ్డనీ చూశారు. డ్రైవరు కదా, రోడ్డంతా ఒక్క చూపులో చూడటం అలవాటే. తరవాత యంత్రాన్ని నా వైపు తిప్పి, నేను రోజూ అడిగినంత నెమ్మదిగా అడిగారు.

"నిజం చెప్పు. ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదండీ" అన్నాను.

"నమ్ముతున్నాను" అన్నారు.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ ఒక్క మాట కోసం ఆరు వారాలు ఆ మనిషి నా ముందు చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన వచ్చి నా పక్కన నేల మీదే కూర్చున్నారు. ఏడుపు కొంచెం తగ్గాక, ఇప్పుడే డాక్టరమ్మ దగ్గరికి పరిగెడతానన్నాను.

"డాక్టరమ్మ ఎక్కడికీ పోదు. ముందు అక్క దగ్గరికి వెళ్ళు."

వెళ్ళాను. వదిన తలుపు తీసింది గానీ రమ్మనలేదు, గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. అంతా అయ్యాక, "ఏదీ, చేతులు చూపించు" అంది. చాపాను. చిన్నపిల్ల గోళ్ళు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా భుజాలు చూశావు గానీ, నీ చేతులు చూసుకోలేదు" అని పక్కకి జరిగి దారిచ్చింది.

డాక్టరమ్మ అంత తేలిగ్గా వదల్లేదు. ఎనిమిది రోజులు రోజూ పొద్దున్నే ఆయన్ని డిపోకి పిలిపించి, నర్సు ముందు చెయ్యి కడిగించి పరీక్ష చేయించింది. ఒక్కరోజు కూడా నూట ముప్ఫై దాటలేదు. తొమ్మిదోరోజు నుంచి డ్యూటీకి రమ్మంది. ఆయన చొక్కా ఇస్త్రీ తనే చేసుకున్నారు. ఈల గంటకోసారి ఫోన్ చేసి, రేపు వస్తున్నాడా అన్న అని అడిగాడు.

ఆ ముందురోజు మధ్యాహ్నం వదిన ఆ పెట్టె పట్టుకుని వచ్చింది. ముందు చిన్న కంచాల్లోనే భోజనం పెట్టాను, ఎప్పటి కొలతే. అయ్యాక వదిన కత్తెరతో నా ముడి కత్తిరించింది. నెలలు నిలవుండే ఎండుపళ్ళ కేకుని వేలెడు మందాన మూడంటే మూడు ముక్కలు కోసి, మిగిలింది టీచరమ్మకి పంపించేసింది. ఆయన ముక్క చేతిలో పట్టుకుని నా వైపు చూశారు. నేను మంచినీళ్ళు తెచ్చే మిషతో లేచి లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి కంచం ఖాళీ.

మర్నాడు పొద్దున చేతులు కడుక్కుని, ఆయన చేత కడిగించి, వేలు గుచ్చాను. నూట పంతొమ్మిది. పుస్తకంలో రాసుకున్నాను. ఆయన, "ఇవాళ అడగవా?" అన్నారు. తల అడ్డంగా ఊపాను.

పార్శిలు ఒకటి ఇవ్వాల్సి ఉండి నేనూ ఆయనతోపాటే బయల్దేరాను. తాళం ఆయనే వేశారు. ఒకసారి లాగి, "పడింది" అన్నారు. గట్టిగా లాగారా అని నోటి చివరిదాకా వచ్చింది. మింగేసి, ఆయన వెనకే మెట్లు దిగాను.